దాలమ్మకు చెప్పని మాట

దాలమ్మ నవ్వడం మానేసిందని ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో పొద్దున్నే కుళాయి దగ్గర ఆడవాళ్ళు చేరి, ఏదో ఒక ముచ్చట చెప్పుకుని విరగబడి నవ్వుతుండేవారు. దాలమ్మ మాత్రం పెదాలు బిగించి, మోకాళ్ళు దగ్గరకు చేర్చుకుని, బిందె నిండేదాకా నీటిధార వంకే చూస్తూ నిలబడేది. నవ్వితే చీర తడుస్తుంది. దగ్గినా తడుస్తుంది. తుమ్మొస్తే ముక్కు గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగేది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఆమె పుట్టింది పార్వతీపురం అవతల చిన్న పల్లెలో. తల్లి పోయాక అక్క రమణమ్మే చంకనేసుకుని పెంచింది. రమణమ్మ మొగుడు దానయ్య రాయపూర్ స్టేషన్లో పాయింట్స్‌మన్. కొత్త రైలుమార్గం పడ్డాక ఆ పక్క పల్లెల నుంచి ఎంతమందో బండెక్కి వచ్చి ఖలాసీలుగా, గ్యాంగుమన్లుగా కుదురుకున్నారు. వాళ్ళలో పరదేశి ఒకడు. లోకోషెడ్డులో ఖలాసీ. తాగడు, గట్టిగా మాట్లాడడు. మనిషి మంచివాడని దానయ్యే మరదలికి ఆ సంబంధం కుదిర్చాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే కాలనీలో, అక్క కేకేస్తే చెల్లెలికి వినపడేంత దూరంలో కాపురాలు చేసుకుంటున్నారు.

పరదేశికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. అతని తల్లి అప్పలనరసమ్మకు అంతకుముందు పుట్టిన పిల్లలంతా పోయారు. ఇతణ్ణైనా పరాయివాడనుకుని చావు వదిలేస్తుందని, పుట్టగానే చేటలో వేసి పొరుగింటావిడకు నూకలకు అమ్మి, మళ్ళీ కొనుక్కుని, పరదేశి అని పిలుచుకుంది. అలా దక్కిన ఒక్కగానొక్క కొడుక్కి పిల్లలు పుట్టాలని ఆమెకు ఎంత ఆత్రమో చెప్పనక్కర్లేదు.

పెళ్ళైన మరుసటేడే దాలమ్మ కడుపుతో ఉంది. నొప్పులు మొదలయ్యాక ఒక పగలు, ఒక రాత్రి గడిచి, మళ్ళీ పొద్దు వాలేదాకా బిడ్డ రాలేదు. మంత్రసాని చిన్నమ్మ వెనక నుంచి రెండు చేతులూ బిగించి పొట్టను కిందికి నొక్కుతూనే ఉంది. చివరికి వచ్చిన మగబిడ్డ ఏడవలేదు. పురిటిస్నానం అయిన మర్నాడే అత్త బిందె చేతికిచ్చింది.

"పిల్లడుంటే బాలింత. పిల్లడే నేకపోతే బాలింతేటి?" అంది.

రెండోసారి ఆడపిల్ల. ఆ పిల్ల పాలు తాగింది, మనుషుల్ని గుర్తుపట్టింది, బోసినోటితో నవ్వడం నేర్చింది. ఆ ఎండాకాలం జ్వరమొచ్చి పోయింది. పిల్ల పోయిన దుఃఖంలో ఉండగానే దాలమ్మను అత్త మళ్ళీ షెడ్డు వెనక బూడిదగుట్టలకు పంపింది. ఇంజన్లు కక్కిన బూడిదలో సగం కాలిన బొగ్గులు ఏరి తట్టకెత్తుకు రావాలి. ఒకరోజు నిండు తట్ట నెత్తిన పెట్టుకుని లేచేసరికి కాళ్ళ మధ్య ఏదో జారినట్టనిపించింది. ఇంటికొచ్చి స్నానానికి కూర్చుంటే చేతికి తగిలింది. మెత్తగా, గుండ్రంగా, ఆడుకునే బంతంత.

పేగు బయటకొచ్చేసిందనుకుంది. తను చచ్చిపోతున్నానని గోడకానుకుని కూర్చుని చావు కోసం ఎదురుచూసింది. చావు రాలేదు, "ఒలే, పొయ్యి ఆరిపోనాది" అని అత్త కేక వచ్చింది. చేత్తో లోపలికి తోసుకుని, పాతచీర గుడ్డ గోచీలా బిగించి కట్టుకుని, వెళ్ళి పొయ్యి రాజేసింది.

అలా ఎన్నాళ్ళో గడిపింది. బరువెత్తితే జారేది, పడుకుంటే లోపలికి పోయేది. గుడ్డ ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. ఎక్కడ వాసనొస్తుందోనని పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసుకునేది. మొగుడు దగ్గరకొస్తే వణికిపోయి పక్కకు జరిగేది. కోడలికి తన కొడుకంటే గిట్టదని అత్త ఇరుగుపొరుగులకు చెప్పింది. పరదేశి మాత్రం ఏమీ అనలేదు, అడగనూ లేదు.

ఎవరికి చెప్పుకోవాలి? ఆ జబ్బుకు నోటితో చెప్పుకునే పేరే లేదు. చివరికి ఒక మధ్యాహ్నం రమణమ్మ ఇంట్లో పప్పు రుబ్బుతూ, రోలు ముందు గొంతుక్కూర్చోలేక లేచిపోతుంటే, అక్కే పట్టి అడిగింది.

"ఏటే, అలా లెగిసిపోతన్నావు? మోకాళ్ళు నొప్పులేటి?"

"మోకాళ్ళు కాదప్పా."

"మరేటి?"

దాలమ్మ చెప్పలేక ఏడ్చింది. రమణమ్మ తలుపు గడియ వేసి, చెల్లెల్ని పడుకోబెట్టి తానే చూసింది. చూసి, చెల్లెలి చీర సర్దింది.

"ఒలమ్మ! ఇది నాకూ కొంచెం ఉందే" అంది చివరికి, తల పక్కకు తిప్పుకుని. "అందరికీ ఉంటాదనుకున్నాను. ఓర్సుకోవాలనుకున్నాను. కానీ నీకింతలా దిగిపోనాదేటే తల్లీ!"

ఆ మర్నాడే రమణమ్మ పరదేశిని పిలిపించి చెప్పింది. అతను తలొంచుకుని విన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బిందె తీసుకుని కుళాయి దగ్గరికి తనే బయల్దేరాడు. మగవాడు కుళాయి వరసలో నిలబడితే కాలనీ అంతా నవ్వింది. "పరదేశికి చీర కూడా కట్టండ్రా" అని తోటి ఖలాసీలు ఎగతాళి చేశారు. అతను లెక్కచేయలేదు. తల్లి నెత్తి బాదుకుంటే, "దానికి ఒంట్లో బాగునేదు, నువ్వు నోర్ముయ్యి" అన్నాడు. తల్లిమీద అతను గొంతు పెంచడం దాలమ్మ వినడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆమెకు అతను దేవుడితో సమానం.

ఊళ్ళో ఆడవాళ్ళ ఆసుపత్రి ఒకటుండేది. అక్కడి డాక్టరమ్మ మొదట రబ్బరు గాజులాంటి రింగొకటి లోపల పెట్టి, దీని ఆసరాతో గర్భసంచి నిలబడుతుందని చెప్పింది. కొన్నాళ్ళు నిలబడింది. దాలమ్మ రోలు ముందు కూర్చోగలిగింది, ఒకటి రెండుసార్లు నవ్వింది కూడా. కానీ పాత పుళ్ళు మానక చీము పట్టింది, రింగు తీసేయాల్సి వచ్చింది. ఇక ఆపరేషన్ తప్పదన్నారు.

ఆ వార్డులో మార్తాబాయి అని ఛత్తీస్‌గఢ్ నర్సు ఉండేది. నల్లగా, పొట్టిగా, గంట కొట్టినట్టు మాట్లాడే మనిషి. ఆపరేషన్ కోసం పుళ్ళు మానేదాకా దాలమ్మను వార్డులో ఉంచినప్పుడు ఆమె రోజూ మంచం పక్కన నిలబడి కసరత్తు చేయించేది.

"జైసే పేశాబ్ ల రోక్‌థస్ నా, వైసనే భీతర్ డహర్ ఖీంచ్. రోక్. అబ్ ఛోడ్."

మూత్రం ఆపుకునేటట్టు లోపలికి బిగించు, కాసేపు అలాగే పట్టు, ఇప్పుడు వదులు. మొదట్లో దాలమ్మకు ఎక్కడ బిగించాలో అర్థంకాక పొట్ట బిగించేది, ఊపిరి బిగించేది, పళ్ళు కూడా బిగించేది. మార్తాబాయి ఆమె పొట్టమీద చెయ్యేసి, "ఇది కాదు, దీన్నొదిలెయ్, ఇంకా కింద" అని ఓపిగ్గా చెప్పేది. ఒకరోజు హఠాత్తుగా ఆ చోటు దొరికింది. తన ఒంట్లో అలాంటి చోటొకటి ఉందని, అది తను చెప్పినట్టు వింటుందని దాలమ్మకు అప్పటిదాకా తెలియదు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆపరేషన్‌కు ముందురోజు డాక్టరమ్మ వచ్చి, దాలమ్మతో ఏమీ అనకుండా పరదేశిని వరండాలోకి పిలిచింది. రమణమ్మ కూడా వెళ్ళింది. మంచం కిటికీ పక్కనే ఉంది కాబట్టి దాలమ్మకు వాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు, మాటలు మాత్రం వినబడలేదు. డాక్టరమ్మ ఏదో చెప్పింది. పరదేశి తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ చెప్పింది. రమణమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరదేశి టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. ఈసారి తల నిలువుగా ఊపాడు.

లోపలికొచ్చాక దాలమ్మ అడిగింది. "ఏటన్నాది?"

"అంతా బాగు సేసెత్తారట" అంది రమణమ్మ.

"మావా, మరి మళ్ళీ పిల్లలు పుడతారా?"

పరదేశి ఒక్క క్షణం రమణమ్మ వంక చూశాడు. తర్వాత దాలమ్మ నుదురు మీద చెయ్యేసి, "దేవుడిత్తే ఎందుకు పుట్టరు?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె మత్తుమందు పీల్చింది.

పొట్టమీద అడ్డంగా కోత, కుట్లు. గర్భసంచిని పైకి లాగి లోపల కుట్టారని చెప్పారు. చాలా రోజులు లేవనివ్వలేదు. ఇంటికొచ్చాక బరువెత్తకూడదని, గొంతుక్కూర్చుని పని చేయకూడదని మార్తాబాయి పరదేశికి గట్టిగా చెప్పి పంపింది. అతను ఒక్క మాటా జవదాటలేదు. షెడ్డుకు పోయేముందు నీళ్ళు పట్టేవాడు, వచ్చాక బొగ్గు తెచ్చేవాడు. దాలమ్మ పడుకుని నర్సు నేర్పిన కసరత్తు చేసుకునేది. బిగించడం, ఆపడం, వదలడం. బియ్యం ఏరుతూ చేసేది, రైలు కూత వింటూ చేసేది. ఆ చలికాలం ఒక ఉదయం కుళాయి దగ్గర ఎవరో ఏదో అన్నారు. దాలమ్మ పకపకా నవ్వింది. చీర పొడిగానే ఉంది. ఇంటికి పరిగెత్తుకొచ్చి తలుపేసుకుని, మళ్ళీ ఒకసారి కావాలని దగ్గి చూసుకుంది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఒళ్ళు తిరిగొచ్చింది. నెలసరి మామూలుగానే వచ్చేది. అందుకే ఆశ కూడా నెలనెలా వచ్చేది.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి మొక్కులు. శనివారాలు ఒక పూట తిండి. పాతబస్తీ మహామాయ గుడిలో ముడుపు. ఊరు వెళ్ళినప్పుడు విజయనగరం దాకా పోయి పైడితల్లికి మొక్కు. మాఘమాసంలో రాజిమ్ మేళాకు చిన్నరైలెక్కి అభన్‌పూర్‌లో బండి మారి వెళ్ళి, మహానది చల్లటి నీళ్ళలో మెడదాకా నిలబడి దండం పెట్టుకునేది. ఆమె మునిగినప్పుడల్లా పరదేశి కూడా పక్కనే మునిగేవాడు. కొబ్బరికాయ అతనే మోసుకొచ్చేవాడు, అతనే కొట్టేవాడు. ఒక ఏడు రమణమ్మ కూడా తోడొచ్చి, తన చేత్తో చెల్లెలి చేతికి పసుపుతాడు కట్టింది. "ఈ ఏడు తప్పకుండా పండుతాదే" అంది.

ఆ ఏడూ పండలేదు. అప్పలనరసమ్మ నోరు మాత్రం ఏటా పండేది. "గొడ్డుటావు గడ్డి దండగ" అని వరండాలో కూర్చుని వీధికి వినబడేలా అనేది. ఇరుగింటి సీమంతానికి పిలుపొచ్చేది కాదు, వచ్చినా దాలమ్మను గాజులు తొడగనిచ్చేవారు కాదు. రమణమ్మకు నలుగురు పిల్లలు. వాళ్ళ ముక్కులు తుడిచి, జ్వరాలకు కాపలా కాసి, పెద్దపిల్ల బంగారమ్మకు జడలేసి దాలమ్మ తన ముచ్చట తీర్చుకునేది.

రెండో పెళ్ళి చేసుకోమని తల్లి పరదేశిని పోరింది. ఊళ్ళో పిల్లను కూడా చూసింది. అతను ఒప్పుకోలేదు. "నాకు దాలమ్మ సాలు" అన్నాడు. ఆ మాట కాలనీ అంతా పాకింది. సూర్యారావు అని ఫైర్‌మన్ ఉండేవాడు. ఒకప్పుడు కుళాయి దగ్గర ఎగతాళి చేసినవాళ్ళలో అతనే మొదటివాడు. ఇప్పుడు అతనే, "మొగుడంటే మా పరదేశిలాగుండాల. పెళ్ళాం గొడ్డుదైనా ఇడిసిపెట్టనేదు" అని పదిమందిలో మెచ్చుకున్నాడు. పరదేశి తలొంచుకుని చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. అది విన్న రోజు దాలమ్మ అతని కాళ్ళు పట్టుకుంది.

"మావా, నావల్ల నీ వంశం నిలబడకుండా పోతంది. నా మాటిని మరో దాన్ని సేసుకో. నాను పనిమనిసిలాగ పడుంటాను."

అతను ఆమెను లేపి, "ఊరుకోయే, ఊరుకో" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. యుద్ధం వచ్చిపోయింది, స్వరాజ్యం వచ్చింది, షెడ్డు మీద జెండా మారింది. పరదేశి ఫిట్టరయ్యాడు. దాలమ్మకు కణతల దగ్గర ఒకటీ అరా తెల్లవెంట్రుకలు వచ్చాయి. అప్పటికీ శనివారాలు మానలేదు.

పక్క వరసలోకి సూరిబాబు అనే కొత్త గ్యాంగుమన్, అతని భార్య పైడమ్మ వచ్చారు. పైడమ్మ బాలింత. కుళాయి దగ్గర మోకాళ్ళు దగ్గరకు పెట్టుకుని, తుమ్మొస్తే గోడవైపు తిరగడం దాలమ్మ చూసింది.  ఆమెను పక్కకు తీసుకెళ్ళి మెల్లగా అడిగింది. పైడమ్మ మొదట కాదంది, తర్వాత ఆమె భుజంమీద తలపెట్టి ఏడ్చింది. మర్నాడే దాలమ్మ ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

వరండాలో ఫినాయిలు వాసన, అవే పచ్చరంగు తలుపులు. ధమ్తరిలో కొన్నేళ్ళు పనిచేసి తిరిగొచ్చిన మార్తాబాయి ఎదురైంది. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే గంట. దాలమ్మను చూడగానే గుర్తుపట్టి, చేతులు పట్టుకుని, "కైసే హస్ బాయీ? దిగిందా మళ్ళీ?" అని నవ్వుతూ అడిగింది.

"దిగలేదమ్మా, నువ్వు నేర్పింది ఇప్పటికీ చేస్తున్నాను" అంది దాలమ్మ తన వచ్చీరాని హిందీలో. తర్వాత సిగ్గుపడుతూ, "అంతా బాగుంది. బిడ్డే కలగలేదు. దానికేదైనా మందుంటే ఇప్పించు, ఇంకా నెలసరి ఆగలేదు" అంది.

మార్తాబాయి నవ్వు ఆగిపోయింది.

"బచ్చా? తోర్ నలీ ల తో వోహీ దిన్ బాంధ్ దే రిహిన్, బాయీ!"

దాలమ్మకు అర్థంకాలేదు. నర్సు మళ్ళీ చెప్పింది, మెల్లగా, హిందీలో. గర్భసంచి పైకి కుట్టిన రోజే పిల్లలు పుట్టే నాళాలు కూడా ముడేసి కోసేశారు. మళ్ళీ కాన్పయితే కుట్లు తెగిపోతాయి, నువ్వు బతకవు అని డాక్టరమ్మ చెప్పింది. నీ మొగుడు సరేనన్నాడు. నీ అక్క కూడా అక్కడే ఉంది. నీకు చెప్పలేదా?

"నాకెవరూ చెప్పలేదు" అంది దాలమ్మ.

మార్తాబాయి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "నీకు ఇంట్లోవాళ్ళు చెప్పి ఉంటారనుకున్నాం" అంది. డాక్టరమ్మ అనుకుంది, నర్సు అనుకుంది, అందరూ అనుకున్నారు. మంచంమీద పడుకుని మెలకువగా ఉన్న మనిషిని అడగాలని ఒక్కరూ అనుకోలేదు.

దాలమ్మ పైడమ్మను చూపించే పని పూర్తిచేసింది. పైడమ్మకు రింగు పెట్టారు, బాగానే కుదిరింది. తిరిగొచ్చేటప్పుడు పైడమ్మ ఏదో మాట్లాడుతూనే ఉంది. ఆమెను ఇంటి దగ్గర దింపి, దాలమ్మ తన ఇంటికి పోకుండా రమణమ్మ ఇంటికి నడిచింది. ఆమె కళ్ళ ముందు మహానది నీళ్ళే ఉన్నాయి. వణుకుతూ తను మునుగుతుంటే, పక్కన కళ్ళు మూసుకుని దండం పెట్టిన ఆ మొగుడు, ఆ క్షణంలో దేవుణ్ణి ఏమడిగి ఉంటాడు?

రమణమ్మ వాకిట్లో చాపమీద మిరపకాయలు ఆరబోస్తోంది.

"అప్పా, నా నాళాలు కోసీసినారంట. నీకు తెలుసంట."

రమణమ్మ చేతిలోని మిరపకాయలు చేతిలోనే ఉండిపోయాయి. ఎవరు చెప్పారని అడగలేదు. కాదని కూడా అనలేదు.

"నువ్వు సచ్చిపోతావన్నాదే ఆ డాక్టరమ్మ" అంది. "అమ్మ పోతే నిన్ను పెంచినాను. నిన్ను కూడా పోగొట్టుకోవాలా?"

"నేదు. బతికించినావు. మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నువ్వు ఒప్పుకుందువా?"

"ఒప్పుకుందునో, నేదో! ఆ మాట నాను కదా సెప్పాల? కడుపు నాదా, నీదా?"

"ఎన్నోసార్లు సెప్దామనుకున్నాను. పరదేసి ఒద్దన్నాడు. గుండె పగిలిపోతాదన్నాడు..."

"రాజిమ్‌ల నా సేతికి తాడు కట్టినావు అప్పా. ఈ ఏడు పండుతాదన్నావు. ఆ తాడు నాను రంగు పోయినదాకా ఇప్పనేదు." దాలమ్మ మణికట్టు ముందుకు చాపింది. "ముసిల్ది గొడ్డుదన్నప్పుడు నా కన్నీళ్ళు నీ కొంగుతోనే తుడిసినావు. ఆ నోటితో ఒక్క మాట సెప్పనేకపోయినావా? మా అత్త, ఈ కాలనీ అంతా నన్ను ఉమ్మితే, నువ్వు సూస్తా కూకున్నావా?"

రమణమ్మ ఏడుస్తూ చెయ్యి పట్టుకోబోయింది. దాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి పరదేశి డ్యూటీ దిగి వచ్చాడు, వరండాలో కాళ్ళు కడుక్కుంటున్నాడు. అప్పలనరసమ్మ నులకమంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. దాలమ్మ ముఖం చూడగానే అతనికి తెలిసిపోయింది. నీళ్ళచెంబు కింద పెట్టేశాడు.

"లోపలికి రా, మాటాడదాం" అన్నాడు మెల్లగా.

"ఇక్కడే మాటాడు. నన్ను గొడ్డుదన్నది ఈ వరండాల్నే కదా. మీ అమ్మకి సెప్పు."

"దాలీ..."

"సెప్పు మావా. నాకెందుకు పిల్లలు పుట్టనేదో మీ అమ్మకి సెప్పు."

 ముసల్ది చుట్ట తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పక్కింటి గుమ్మంలోకి ఎవరో వచ్చి నిలబడ్డారు. అంతసేపూ దాలమ్మ ఆశపడుతూనే ఉంది. ఇప్పుడైనా చెబుతాడని, ఒక్క మాట తన నోటితో అంటాడని. పరదేశి చెప్పలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

అప్పుడు దాలమ్మే చెప్పింది. వీధికి వినబడేలా చెప్పింది. ఎక్కడ కోశారో, ఎవరు సరేనన్నారో, ఎవరు చూస్తూ ఉన్నారో అంతా చెప్పింది.

"నిజమేనేట్రా?" అంది అప్పలనరసమ్మ.

పరదేశి తలొంచుకున్నాడు.

ముసల్ది కొంతసేపు కొడుకును చూసి, "అయితే నా కొడుకులో లోపం నేదన్నమాట" అంది. మళ్ళీ అంతలోనే నెత్తి బాదుకుంటూ, "నన్ను కూడా మోసం సేసినావురా, నన్ను కూడా" అని ఏడ్చింది. కోడలి వంక మాత్రం చూడలేదు.

"బయమేసిందే" అన్నాడు పరదేశి చివరికి. "నువ్వు సచ్చిపోతావంటే బయమేసింది."

"ఆ రోజు బయం. ఒప్పుకుంతాను. ఆ రోజు నన్నడిగితే నానే సరేనందునేమో. తరవాతేటి? కాలు పట్టుకుని వేరే పెళ్ళి సేసుకోమన్నాను సూడు, ఆ రోజేటి బయం?"

అతను కింద పెట్టిన చెంబును గోడవారకు జరిపాడు.

"నాను సెప్తాను. నువ్వు మంచోడివని ఊరంతా మెచ్చుకుంటంది. పెళ్ళాం గొడ్డుదైనా ఇడిసిపెట్టనేదని మెచ్చుకుంటంది. ఆ మాట నీకు తియ్యగుంది. నిజం సెప్తే అది పోతాది. అందుకని నన్ను గొడ్డుదాన్ని సేసి, నువ్వు రాముడివైపోయినావు."

పరదేశి అది కాదనలేకపోయాడు. కాదని ఉంటే బాగుండేదని దాలమ్మకు తర్వాత చాలాకాలం అనిపించింది.

ఆ రోజు నుంచి ఆమె శనివారం ఉపవాసం మానేసింది. వండింది, పెట్టింది, బట్టలుతికింది, పలకడం మాత్రం అవసరానికే. పెట్టే బేడా సర్దుకుని పోవడానికి పుట్టింట్లో ఎవరూ లేరు, ఉన్న ఒక్క అక్క గడప తొక్కబుద్ధి కాలేదు. కొన్నాళ్ళకు మార్తాబాయిని అడిగి ఆసుపత్రిలో ఆయాగా కుదిరింది. ఫిట్టరు పెళ్ళాం మలం కుండలెత్తడమేమిటని కాలనీ గుసగుసలాడింది. ఆమె చెవిన పెట్టలేదు.

ఆ పనిలో ఆమెకు ఒక అలవాటు పడింది. డాక్టరమ్మ ఎవరి మొగుణ్ణో వరండాలోకి పిలిచినప్పుడల్లా దాలమ్మ ఆ మంచం దగ్గరికి వెళ్ళి నిలబడేది. "ఏటి సెప్తన్నారో నువ్వు కూడా అడుగు. నీ ఒంటికేటి సేస్తారో సెప్పందే ఒప్పుకోకు" అనేది, తెలుగువాళ్ళతో తెలుగులో, మిగతావాళ్ళతో వచ్చిన హిందీలో. భయపడి ఇద్దరు ముగ్గురు రోగులు లేచి ఇళ్ళకు పోయారు కూడా. వాళ్ళలో ఒకామె తర్వాత కాన్పులో చనిపోయింది. ఆ కబురు విన్నాక దాలమ్మ చాలా రోజులు తిండి సరిగ్గా తినలేదు. డాక్టరమ్మ ఆమెను పిలిచి తిట్టి, వార్డు నుంచి తీసేసి బట్టలుతికే చోట వేసింది. దాలమ్మ ఎదురు చెప్పలేదు. అక్కా, మొగుడూ ఆ రోజు వరండాలో ఏ భయంతో నిలబడ్డారో అప్పుడు ఆమెకు కొంచెం అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు. భయపడినందుకు కాదు ఆమె కోపం.

మార్తాబాయి చెప్పగా కొన్నాళ్ళకు డాక్టరమ్మ ఆమెను మళ్ళీ వార్డులోకి రానిచ్చింది. ఈసారి బాలింతలకు కసరత్తు నేర్పే పని కూడా అప్పజెప్పింది. మంచం పక్కన నిలబడి, పొట్టమీద చెయ్యేసి, "ఇది కాదు, దీన్నొదిలెయ్, ఇంకా కింద" అని చెప్పడంలో ఆమెకు విసుగనేది ఉండేది కాదు.

ఆ వార్డుకే రమణమ్మ పెద్దకూతురు బంగారమ్మ తొలిచూలు కాన్పుకు వచ్చింది. నొప్పులు పెరిగాక, "పిన్నీ, నువ్వుండు, నువ్వెల్లిపోకు" అని దాలమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. దాలమ్మ ఉండిపోయింది. పొట్ట నొక్కనివ్వలేదు, తొందరపెట్టనివ్వలేదు. ఆడపిల్ల పుట్టింది, కేకేసి ఏడ్చింది. పిల్లను కడిగి, గుడ్డలో చుట్టి, గుమ్మం బయట నిలబడి ఉన్న రమణమ్మ చేతుల్లో పెట్టింది.

"దాలమ్మా" అంది రమణమ్మ, పిల్లను గుండెకు హత్తుకుని. "నన్నిలాగే సంపెత్తావేటే? ఒక్క మాట మాటాడవా?"

"పిల్ల తల్లిసేత మూడు నెల్లదాకా బరువెత్తించకు" అంది దాలమ్మ. "కసరత్తు నేర్పినాను, రోజూ సేయించు. మళ్ళీ వారం తీసుకురా, సూస్తాను."

ఆ మాటలు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు రమణమ్మ ఇంటి నుంచి చెల్లెలికి కూడా కలిపి వేడన్నం, చేపలపులుసు తెచ్చింది. దాలమ్మ ఆ గిన్నె బంగారమ్మ ముందు పెట్టి, తను తెచ్చుకున్న చద్దన్నం విప్పుకుంది.

పరదేశి రిటైరయ్యేదాకా సాయంత్రాలు డ్యూటీ దిగి ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. ఒకసారి దారిలో, "రేపు సూర్యారావు ఇంటికాడ అందరూ ఉంటారు. నానే సెప్పేస్తాను, అందరిముందూ సెప్పేస్తాను" అన్నాడు.

"ఊరంతటికీ తెలిసినాక ఇంకెవరికి సెప్తావు?" అంది దాలమ్మ.

అతను ఆగిపోయాడు. ఆమె ఆగలేదు. కాసేపటికి అతను మళ్ళీ వెనకే నడవడం మొదలుపెట్టాడు.